శ్రుతి తప్పించి చూడవలసిన తార

వెలుగుచు ఆరుచు నుండు దీపమును చూచి ‘ఇది వెలిగి ఆరుచున్నది’ అని చెప్పుటకు పాండిత్యము అక్కరలేదు. రేవున నున్న దీపస్తంభము తిరుగుటయు, పండుగనాడు గుడి గోపురముపై రంగుదీపములు మిణుకు మిణుకు మనుటయు పసిబిడ్డలకు సైతము తెలియును. కాని ఆ వెలుగుట, ఆరుట మిక్కిలి వడిగా జరిగినచో మన కన్ను మోసపోవును. చోకుతో వెలుగు పాత ట్యూబులైటు సెకండునకు 100 మార్లు హెచ్చి తగ్గుచుండును. దాని క్రింద కూర్చుండి పుస్తకములు చదివిన మనలో ఆ సంగతి గమనించినవారు అరుదు. కంటికి అది నిలుకడగల వెలుగే.

ఆకాశమున ఇట్టి దీపము ఒకటి కలదు. అది సెకండునకు రమారమి 30 మార్లు మెరయుచున్నది. ఈ సంగతిని యంత్రములు నిర్ధారించి 50 సంవత్సరములు దాటినది. అయినను, యంత్రము చెప్పినదానిని నమ్మి ఊరకుండక, ఆ మెరుపును తమ కంటితోనే చూడవలెనని పట్టుబట్టిన ఔత్సాహికులు అమెరికాలోను, ఐరోపాలోను కొందరు కలరు. వారు అందులకు తగిన పరికరములను తమ యిండ్లలోనే తయారు చేసికొనిరి. వారు చేయు పని యెట్టిది, అందలి కిటుకు ఏది, కంటితో చూచినదానిని నమ్ముటకు వారు ఏ పరీక్షను పెట్టుకొందురు అను విషయములను ఈ వ్యాసమున వివరింప దలచినాము.

ముందుగా ఆ తార ఎక్కడ నున్నదో తెలిసికొందము. పెండ్లిలో వధూవరులకు అరుంధతిని చూపునపుడు మొదట పెద్ద చుక్కను చూపి, పిదప దాని చెంతనున్న చిన్న చుక్కను చూపుదురు. మనమును ఆ పద్ధతినే అనుసరింతము. శీతకాలపు రాత్రులందు మన నడినెత్తి చేరువకు వచ్చు ఎఱ్ఱని చుక్క రోహిణి. అది వృషభరాశిలోనిది. రోహిణి నుండి తూర్పుదిక్కుగా ఎద్దు కొమ్ములవలె రెండు కొమ్ములు సాగినట్లు ఊహించినచో, దక్షిణపు కొమ్ము కొనయందు ఒక మధ్యరకపు చుక్క కనబడును. దానికి ఒక డిగ్రీ దూరమున, అనగా నిండు చందురుని వెడల్పునకు రెండింతల యెడమున, చిన్న దూరదర్శినికి మసక మబ్బు తునకవలె కానవచ్చునది కర్కట నీహారిక. పేరునందు కర్కటమున్నను ఇది కర్కాటకరాశిలో లేదు. డిసెంబరు నడుమ అర్ధరాత్రివేళ ఇది హైదరాబాదు, విజయవాడ నగరములలో నడినెత్తికి ఇంచుమించు 5 డిగ్రీల ఉత్తరముగా దాటిపోవును. మన వెదకు తార ఈ నీహారిక నడుమ నున్నది.

ఈ నీహారికకు జన్మదినము చెప్పవచ్చును. 1054 జూలై 4వ తేదీన చైనా దేశపు ఆకాశపరిశీలకులు ఆ చోట ఒక ‘అతిథి నక్షత్రము’ను చూచి, ఆ సంగతిని వ్రాసియుంచిరి. అది 23 దినములు పట్టపగలు కూడ కనబడెను. తరువాత రెండేండ్లకు కొంచెము తక్కువ కాలము రాత్రులందు కనబడి, క్రమముగా మాసి కంటికి అందకుండ పోయెను. నిజమునకు అది క్రొత్త చుక్క కాదు. ఒక పెద్ద నక్షత్రము తన జీవితము చివర పేలిపోవుటయే. అది మనకు 6,500 కాంతిసంవత్సరముల దూరమున నున్నదని అంచనా. అప్పుడు ఎగజిమ్మబడిన వాయువులే నేటి నీహారిక. దానిని 1731లో దూరదర్శినితో మొదట చూచినవాడు జాన్ బెవిస్ అను ఆంగ్ల వైద్యుడు. అతడును వృత్తిరీత్యా జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు కాడు, ఔత్సాహికుడే. 1758లో ఫ్రెంచి దేశీయుడైన మెస్సియే తోకచుక్కలను వెదకుచు దీనిని చూచెను. తోకచుక్కగా భ్రమింపదగిన మబ్బుతునకల పట్టికను తయారు చేసినపుడు దీనికి మొదటి స్థానము నిచ్చెను. పందొమ్మిదవ శతాబ్దమున ఐర్లండునందు లార్డ్ రాస్ తన పెద్ద దూరదర్శినితో చూచి గీసిన చిత్రము పీతను పోలియుండుటచే ఈ పేరు వచ్చినది.

పేలిన నక్షత్రపు నడిమి భాగము ఏమైనది? అది తన బరువునకు తానే క్రుంగి, మిక్కిలి చిన్న గోళముగా కుదించుకొని పోయినది. దీనినే న్యూట్రాన్ నక్షత్రము అందురు. సూర్యునికంటె ఎక్కువ పదార్థము 20 కిలోమీటర్ల అడ్డుకొలత గల గోళమున ఇమిడి యున్నదనిన, అందలి దట్టదనము ఊహకు అందదు. చేతులు చాచి తిరుగు నాట్యకత్తె చేతులను దగ్గరకు ముడుచుకొనినపుడు వేగముగా తిరుగుట మనము చూచియున్నాము. అట్లే కుదించుకొనిన నక్షత్రము కూడ బహువేగముగా తిరుగును. దాని అయస్కాంత ధ్రువములు తిరుగుడు ఇరుసుతో ఏకముగా ఉండవు. అందుచే అది వెలువరించు కాంతికిరణము దీపస్తంభపు వెలుగువలె ఆకాశమును చుట్టివచ్చును. ఆ కిరణము మనవైపు తిరిగినప్పుడెల్ల మనకు ఒక మెరుపు. ఇట్టి తారను పల్సార్ అందురు. స్పందించు తార యని చెప్పుకొనవచ్చును.

పల్సార్లను మొదట పట్టినది కన్ను కాదు, రేడియో. 1967లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచుండిన జోసెలిన్ బెల్ అను విద్యార్థిని, తన ఆచార్యుడు ఆంటొనీ హ్యూయిష్ పర్యవేక్షణలో నిర్మించిన రేడియో దూరదర్శిని గీచిన కాగితపు చుట్టలను ఓపికతో పరిశీలించుచు, ఒకచోట మరకవంటి చిన్న గీతలను గమనించెను. వేగముగా నడచు కాగితముపై మరల గీయించి చూడగా అవి 1.337 సెకండునకు ఒకటి చొప్పున గడియారము కొట్టినట్లు వచ్చు స్పందనములని తేలెను. 1968 ఫిబ్రవరిలో ఈ వార్త లోకమునకు తెలిసినది. ఆ సంవత్సరము చివరనే అమెరికాలోని రేడియో పరిశోధకులు కర్కట నీహారిక యందును ఒక పల్సార్ కలదని కనుగొనిరి. అది సెకండునకు 30 మార్లు స్పందించుచున్నదని అరెసిబోలోని మహా రేడియో దూరదర్శిని తెలిపెను.

రేడియోలో స్పందించు తార కంటికి కనబడు వెలుగులో కూడ మెరయునా? దీనిని పరీక్షించుటకు 1969 జనవరిలో కాక్, డిస్నీ, టేలర్ అను మువ్వురు అరిజోనాలో స్టీవార్డ్ వేధశాలవారి 36 అంగుళముల దూరదర్శినిని ఉపయోగించిరి. నీహారిక నడుమ రెండు మసక చుక్కలు ప్రక్కప్రక్కన ఉన్నవి. వానిలో నైరుతివైపుది పేలిన నక్షత్రపు శేషము కావచ్చునని 1942లోనే బాడె, మింకౌస్కీ అను శాస్త్రజ్ఞులు సూచించియుండిరి. మువ్వురు పరిశోధకులు తార కాంతిని విద్యుత్సంకేతముగా మార్చి, పల్సార్ కాలమునకు సరిగా ముక్కలు చేసి, ఆ ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి కూడుచు పోయిరి. చూచుచుండగనే యంత్రపు తెరపై ఒక శిఖరము లేచెను. తార మెరయుచున్నది! అంతకు పూర్వము ఎన్నియో ఏండ్లుగా తీసిన ఫోటోలలో ఆ తార నిలుకడగల చుక్కగానే ఉండెను. గంటల కొలది తెరచియుంచిన ఫోటో పలక లక్షల మెరుపులను ఒకటిగా కలిపివేసినది.

ఆ తరువాత కొద్ది వారములకే కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలలో మిల్లర్, వాంప్లర్ అనువారు 120 అంగుళముల దూరదర్శినికి టెలివిజన్ కెమెరాను తగిలించి, దాని ముందు చీలికలు గల చక్రము నొకదానిని త్రిప్పిరి. చక్రపు వేగమును తార వేగమునకు కొంచెము భిన్నముగా ఉంచిరి. తెరపై ఒక చుక్క నిశ్చలముగా నుండగా, దాని ప్రక్క చుక్క నెమ్మదిగా వెలిగి, నెమ్మదిగా మాయమై, మరల వెలిగెను. బాడె, మింకౌస్కీలు చూపిన చుక్కయే అది. నేటి ఔత్సాహికుల పరికరములకు ఈ చక్రమే మూలపురుషుడు.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. 1969కి పూర్వము ఎవ్వరును ఈ మెరుపును చూడలేదా? ఈ విషయమున జోసెలిన్ బెల్ గారు ఒక వృత్తాంతమును చెప్పియున్నారు. 1950 ప్రాంతపు చివరి యేండ్లలో, షికాగో విశ్వవిద్యాలయపు దూరదర్శినిని ప్రజలకు చూపుచుండగా, ఒక స్త్రీ కర్కట నీహారికలోని తారను చూచి, అది మెరయుచున్నదని పలికెనట. అచటి శాస్త్రజ్ఞుడు, అన్ని చుక్కలును గాలి కదలికచే మినుకుమనునని సమాధానము చెప్పెనట. తాను విమానము నడపుటకు అర్హత పొందినదాననియు, చుక్కల మినుకు ఎట్టిదో తన కెరుకయే ననియు, ఇది దానివంటిది కాదనియు ఆమె వాదించినను ఫలము లేకపోయెనట. మరియొక వృత్తాంతము: 1967 వేసవిలో అలాస్కాలో అమెరికా వైమానిక దళపు రాడారువద్ద పనిచేయుచుండిన చార్లెస్ షిస్లర్ అను నతడు ఒక వింత సంకేతమును గమనించెను. అది దినదినము 4 నిమిషములు ముందుగా వచ్చుటచే అది నక్షత్రలోకమునకు చెందినదని గ్రహించి, కర్కట నీహారిక దిక్కు నుండి వచ్చుచున్నదని తెలిసికొనెను. సైనిక రహస్యమగుటచే 2007 వరకు అతడు ఈ సంగతిని లోకమునకు చెప్పలేకపోయెను.

ఆ స్త్రీ నిజముగా చూచినదా, లేదా అని ఇప్పుడు తేల్చుటకు సాధనము లేదు. కొందరి కన్నులు ఇతరుల కన్నులకంటె వేగమును బాగుగా పట్టగలవు. కనుక అది అసంభవ మనుటకు వీలులేదు. కాని ఒకటి మాత్రము స్పష్టము. చూచుట వేరు, చూచినదానిని ఇంకొకరికి నమ్మునట్లు చూపుట వేరు. ఆమె వద్ద కన్ను తప్ప వేరు సాక్షి లేకపోయెను. ఔత్సాహికులు తయారుచేయు చక్రము కన్నునకు సాయము మాత్రమే కాదు; కంటికి తోడు నిలుచు సాక్షి కూడ.

ఇక కన్నునకు కలుగు కష్టములను చూతము. మొదటిది వేగము. పట్టపగలు, మంచి వెలుగులో మన కన్ను సెకండునకు 50 మార్లకు పైగా జరుగు మార్పును కూడ పట్టవచ్చును. చీకటిలో పనిచేయు కణములు వేరు. అవి మసక వెలుగును గ్రహించునుగాని మందగతి గలవి. సెకండునకు 15, 20 మార్లకు మించిన మార్పును గుర్తింపజాలవు. మన తార 30 మార్లు మెరయును. పైగా ఒక చుట్టులో ఒక పెద్ద మెరుపు, ఒక చిన్న మెరుపు, రెండు కలవు. కనుక చీకటిలోని కంటికి అంతయు ఒకటిగా కలిసిపోవును.

రెండవది మసకదనము. ఈ తార ప్రకాశము రమారమి 16.6వ తరగతిది. చీకటిగల పల్లెటూరి ఆకాశమున మన కంటికి అందు కడపటి చుక్క 6వ తరగతిది. దానికంటె ఈ తార 17,000 రెట్లు మసక. మేము స్థూలముగా లెక్కించి చూడగా, 50 సెంటీమీటర్ల అడ్డుకొలత గల దూరదర్శిని అద్దముపై ఈ తారనుండి సెకండునకు నాలుగు వందల ప్రాంతమున కాంతికణములు పడును. అనగా ఒక్కొక్క చుట్టునకు పండ్రెండు, పదమూడు. అద్దములలోను, కంటిలోను పోగా మిగిలి, చూపునకు పనికివచ్చునవి ఒకటో, రెండో. ఒక్క మెరుపును ఒక్కటిగా చూచుట ఎట్టి కంటికిని సాధ్యము కాదు. పెక్కు మెరుపులను కూడబెట్టి చూపిననే కన్ను గ్రహింపగలదు. కూడబెట్టినచో ఫోటో పలకవలె మెరుపే మాసిపోవును. ఈ చిక్కును విడదీయునదే చక్రము.

దీని కిటుకు సంగీతము తెలిసిన యిండ్లలో క్రొత్తది కాదు. తంబురా శ్రుతి చేయునపుడు రెండు తీగలు ఇంచుమించు ఒకే స్వరమునకు వచ్చి, ఇంకను కొంచెము తేడా యున్నపుడు, నాదము అలలవలె హెచ్చుచు తగ్గుచు వినబడును. తేడా తగ్గినకొలది అల నెమ్మదించును. రెండును సరిగా కలిసినపుడు అల ఆగును. తీగలు సెకండునకు వందల మార్లు కంపించుచున్నను, వాని నడిమి తేడా మాత్రము చెవి లెక్కింపగల నెమ్మది గతిలో నడచును. రాత్రివేళ రేడియోలో మీడియంవేవ్ త్రిప్పునపుడు దగ్గరదగ్గర నున్న రెండు స్టేషనులు ఒకదానితో నొకటి తగిలి ఈల పుట్టుట శ్రోతలందరును విన్నదే; అదియు తేడా పుట్టించిన స్వరమే. సినిమాలో బండిచక్రము వెనుకకు తిరుగునట్లు కనబడుటకు కూడ కారణమిదే. కెమెరా గతికిని చక్రపు గతికిని గల తేడాయే మన కంటికి అందును.

ఔత్సాహికుడు తారతో శ్రుతి కలుపబోయి, బుద్ధిపూర్వకముగా కొంచెము తప్పించును. నేడు కర్కట పల్సార్ సెకండునకు రమారమి 29.6 మార్లు తిరుగుచున్నది. దూరదర్శినిలో కన్నుపెట్టు కటకమునకు ముందు, సెకండునకు 29.1 మార్లు తెరచి మూయు కిటికీ నొకదానిని అమర్చెదమనుకొనుడు. మొదట కిటికీ తెరచిన వేళ మెరుపు వచ్చెను. తార ప్రకాశముగా కనబడును. మరునాటి బండికి కొంచెము ఆలస్యముగా చేరిన ప్రయాణికునివలె, మరుసారి కిటికీ మెరుపుకంటె కొంచెము వెనుకబడును. ఇట్లు వెనుకబడుచు, వెనుకబడుచు, ఒక సెకండు గడచునప్పటికి కిటికీ తెరచియున్నపుడు తార ఆరియుండును. మెరయునపుడు కిటికీ మూసియుండును. ఇంకొక సెకండునకు మరల రెండును కలియును. తేడా సెకండునకు సగము చుట్టు కనుక, తార రెండు సెకండులకు ఒకమారు నెమ్మదిగా వెలిగి, నెమ్మదిగా మాయును. ఆ రెండు సెకండులలో ఇంచుమించు 60 మెరుపుల వెలుగు ఇమిడియున్నది. మందగతిగల మన కంటికి ఈ నడక చక్కగా సరిపోవును.

శ్రుతి పూర్తిగా కలిసినచో? తార ఎడతెగక వెలుగుచునో, ఎడతెగక మసకగానో నిలిచిపోవును. మార్పు లేనిచోట కన్నునకు పోల్చుకొనుటకు ఏమియు దొరకదు. అందుచేతనే శ్రుతి తప్పించుట ఇందు దోషము కాదు, ఉపాయము.

చక్రము తయారీ చెప్పినంత సుళువు కాదు. పలుచని అల్యూమినియము బిళ్ళకు ఎదురెదురుగా రెండు కిటికీలు కోసి నల్లరంగు పూసినచో, ఒక చుట్టులో రెండుమార్లు తెరచుకొనును. సెకండునకు 29.1 మార్లు తెరచుకొనవలెననిన చక్రము నిమిషమునకు 873 చుట్లు తిరుగవలెను. తారతో సరిగా కలియవలెననిన 888 చుట్లు. ఈ 15 చుట్ల తేడాయే మన ఆటకంతకును ఆధారము. మోటారు వేగము నిమిషమునకు ఏడెనిమిది చుట్లు అటునిటు ఊగినను లెక్క తారుమారగును. కనుక ఊగిసలాడు సామాన్య మోటారు పనికిరాదు. చేతి గడియారములలో నుండు క్వార్జు స్ఫటికము ఇచ్చు తాళమునకు అడుగడుగునా కట్టుబడి నడచు స్టెప్పరు మోటారును వాడుదురు. వెనుకటి తరమువారికి దుర్లభమైన ఈ సామగ్రి నేడు సామాన్య విద్యుత్పరికరముల అంగడిలో దొరకుచున్నది.

కిటికీ వెడల్పు ఎంత యుండవలెను? వెడల్పు ఎక్కువైనచో పెద్ద మెరుపు, చిన్న మెరుపు రెండును ఒకేమారు లోనికి వచ్చి భేదము చెడును. ఈ రెండు మెరుపుల నడుమ ఇంచుమించు 13 మిల్లీసెకండుల యెడము కలదు. మిల్లీసెకండనగా సెకండులో వెయ్యవ వంతు. వెడల్పు తక్కువైనచో తార వెలుగే అందదు. ఒక చుట్టు కాలములో నాలుగవ వంతు, అనగా సుమారు ఎనిమిదిన్నర మిల్లీసెకండులు, తెరచియుంచుట తగిన రాజీ. రెండు కిటికీల చక్రమున ఒక్కొక్కటి 45 డిగ్రీల వెడల్పు అగును. దీనివలన ఇంకొక లాభము కలదు. ఆకాశపు వెలుగును, నీహారిక వెలుగును నాలుగవ వంతునకు తగ్గిపోవును; కిటికీతో కలిసిన వేళ పల్సార్ వెలుగు మాత్రము సగము ప్రాంతము నిలుచును. నష్టములోను తారకు పైచేయి దక్కును.

చక్రపు బరువు అన్నివైపుల సమముగా లేనిచో దూరదర్శిని వణకును. వణకిన దూరదర్శినిలో ఇంత మసక చుక్క చెదరి మాయమగును. కనుక మోటారును రబ్బరు మెత్తలపై నిలుపుదురు. లేదా దూరదర్శినిని తాకకుండ వేరు కాలుపై నిలబెట్టుదురు. చక్రమును కాంతి ఒక బిందువునకు చేరు తావునకు సమీపముగా ఉంచవలెను. అక్కడ కిరణముల కట్ట సన్నగా నుండుటచే కిటికీ అంచు దానిని ఒక్కమారుగా కోయును. పరికరమును ఆకాశమునకు చూపుటకు ముందు ఇంటిలోనే పరీక్షింతురు. చీకటిగదిలో ఒక చిన్న దీపమును క్వార్జు తాళమునకు సెకండునకు 29.6 మార్లు మెరయునట్లు చేసి, దూరమునుండి చక్రముద్వారా చూచినచో, లెక్క చెప్పినట్లు రెండు సెకండులకు ఒకమారు వెలిగి మాయవలెను. ఆ దీపమును క్రమక్రమముగా మసకపరచుచు, తమ కన్ను ఏ హద్దువరకు ఈ మార్పును గుర్తింపగలదో కూడ తెలిసికొందురు.

పిమ్మట పెద్ద దూరదర్శిని కావలెను. 20 అంగుళముల అద్దముతో, కొండలపైని నిర్మలమైన చీకటిలో, ఈ తార ఉనికి మాత్రము కష్టముమీద తెలియును. చక్రము పెట్టినచో వెలుగు ఇంకను తగ్గును. కనుక 24 మొదలు 36 అంగుళముల అద్దము గల దూరదర్శినులవద్దకు పోవుదురు. అమెరికాలో జాన్ డాబ్సన్ ప్రచారము చేసిన తేలికపాటి చెక్క పీఠముల వలన ఇట్టి పెద్ద అద్దములు నేడు ఔత్సాహికుల చేతికి అందుచున్నవి. గాలి నిలుకడగా నుండవలెను, చంద్రుడు ఉండరాదు, కన్ను అరగంటకు పైగా చీకటికి అలవాటు పడవలెను. తారను సూటిగా చూచినచో కనబడదు. కంటి నడిమి భాగమున చీకటి కణములు లేవు. ఓరచూపుతో, తారకు కొంచెము ప్రక్కగా దృష్టి నిలిపిననే అది పొడచూపును.

ఇంత మసక హద్దున కన్ను తాను కోరినదానిని కల్పించుకొనుట సహజము. రెండు సెకండులకు ఒకమారు వెలుగునని ముందే తెలిసినవానికి, వెలుగకున్నను వెలిగినట్లు తోచును. మంచి ఔత్సాహికుడు ఇందులకు రెండు కాపులు పెట్టుకొనును. మొదటిది ప్రకృతి ఇచ్చినదే. పల్సార్‌కు ఈశాన్యమున, మిక్కిలి చేరువలో, ఇంచుమించు అంతే ప్రకాశము గల ఇంకొక చుక్క కలదని చెప్పియుంటిమి. గాలి కదలికవలన మినుకు కలిగినచో రెండు చుక్కలును మినుకుమనవలెను. ఒకటి నిలిచి, ఒకటి మాత్రమే తాళము ప్రకారము మాయుచున్నచో అది తార చేయు పనియే.

రెండవ కాపు మనిషి పెట్టుకొనునది. చక్రపు వేగమును మిత్రుడొకడు చీకటిలో మార్చుచుండును. ఎంతకు మార్చెనో కన్నుపెట్టినవానికి చెప్పడు. ఒకమారు రెండు సెకండుల తాళము, ఒకమారు నాలుగు సెకండుల తాళము, ఒకమారు తారతో ఏమాత్రము పొసగని వేగము. చూచువాడు ‘ఇప్పుడు వెలిగెను, ఇప్పుడు మాసెను’ అని పలుకుచుండగా మిత్రుడు గడియారముతో వ్రాసికొనును. పలికిన తాళము చక్రము లెక్కతో సరిపోయి, పొసగని వేగమున ఏ తాళమును పలుకనిచో, చూచితిమని చెప్పుటకు అతనికి హక్కు కలుగును. షికాగోలో వాదించిన ఆ స్త్రీ చేతిలో లేనిది ఈ పరీక్షయే.

కంటికి బదులు కెమెరాను పెట్టినచో చిన్న దూరదర్శినితోనే పని జరుగును. అప్పుడు చక్రమును తారతో సరిగా శ్రుతి కలిపి, ఒకమారు మెరుపు పడునట్లును, ఒకమారు మెరుపు తప్పునట్లును ఉంచి, నిమిషముల కొలది రెండు చిత్రములు తీయుదురు. ఒకదానిలో రెండు చుక్కలు. రెండవదానిలో ఒకటి అడుగంటియుండును. అయితే ఇచట శ్రుతి బహు ఖచ్చితముగా ఉండవలెను. భూమి సెకండునకు 30 కిలోమీటర్ల వేగమున సూర్యుని చుట్టుచు, ఒక ఋతువులో తారవైపునకు, ఇంకొక ఋతువులో తారకు దూరముగా పోవుచుండును. దానివలన మెరుపుల లెక్క పదివేలలో ఒకవంతు హెచ్చి తగ్గును. కంటికి ఇది లెక్కలోనిది కాదు. కాని ఐదారు నిమిషములు తెరచియుంచిన కెమెరాకు ఈ స్వల్పభేదమే ఒక పూర్తి చుట్టు తప్పునంత అగును. కనుక ఔత్సాహికుడు చక్రము త్రిప్పుటకు ముందు, ఆ రాత్రి భూమి నడకను గుణించి చూచుకొనవలసియుండును.

ఇంకొక విశేషము. 1969లో ఈ తార సెకండునకు 30.2 మార్లు తిరుగుచుండెను, నేడు 29.6. తన తిరుగుడు శక్తిని నీహారికకు ధారపోయుచు అది నెమ్మదించుచున్నది. ఒక్కొక్క సంవత్సరమున ఒక్కొక్క చుట్టునకు పట్టు కాలము సెకండులో పదిలక్షల వంతులు పదమూడు చొప్పున పెరుగుచున్నది. తొమ్మిదివందల యేండ్లకు పైగా గడచినను ఆ నీహారిక ఇంకను వెలుగుచుండుటకు ఈ ధారయే కారణము. లిక్ వేధశాలవారి నాటి లెక్కకు చక్రము నమర్చి నేడు చూచినచో శ్రుతి మరియొక తీరుగా తప్పును. తాత తరము త్రిప్పిన చక్రమునకు, మనుమని తరము త్రిప్పు చక్రమునకు గల తేడాలోనే ఒక నక్షత్రపు వార్ధక్యము కొలువబడుచున్నది.

శాస్త్రమునకు ముందే తెలిసినదానిని ఇంత శ్రమపడి మరల చూచుట వలన ప్రయోజనమేమని కొందరు అడుగవచ్చును. క్రొత్త సత్యము వెల్లడి కాదు, నిజమే. కాని పుస్తకమున చదివిన సత్యమును తన చేతితో, తన కంటితో, తన్ను తానే పరీక్షించుకొని నిలుపుకొనుట వేరు విద్య. ‘నీవు చూచితివా? ఎట్లు నమ్మెదవు?’ అని అడిగినవారికి సమాధానము చెప్పగలుగుట ఆ విద్యకు ఫలము. పెద్ద అద్దములు లేని మన యిండ్లలో సైతము, శీతకాలపు చీకటిరాత్రి రోహిణి మీదుగా కొమ్ము కొనను వెదకి, చిన్న దూరదర్శినిలో ఆ మసక మబ్బును చూడవచ్చును. అందలి తార మన కంటికి అందదు. అయినను మనము చూచుచున్న ఆ ఒక్క నిమిషములోనే అది 1,776 మార్లు మెరయుచున్నదని తెలిసి చూచినవారికి ఆ మబ్బు వట్టి మబ్బుగా కనబడదు.